లేతు తాగిన తీర్థం

ఎల్లాజీ అన్న ఇనుము చెక్కే తన లేతు మిషన్ మీది నూనె గిన్నెలు చూడకుండా స్విచ్ వేసేవాడు కాదు. మా రాంగోపాల్‌పేట్ గల్లీలో ఆయన షెడ్డు పక్కనే నా మోటారు వైండింగ్ దుకాణం. తిరిగే కడ్డీకీ దాన్ని మోసే ఇత్తడి బుష్‌కీ మధ్య పల్చటి నూనె పొర ఉండాలని, అది ఆరిపోతే రెండూ ఒకదాన్నొకటి తినేస్తాయని రోజూ నాకు పాఠం. "తెలుసన్నా, నేను సుత మోటార్లే చేస్త గదా" అన్నా వదిలేవాడు కాదు. ఉత్త చాదస్తం మనిషి.

కుర్రతనంలో తుని నుంచి వచ్చాడు. పనిచేసిన షెడ్డు మూతపడితే అక్కడి పాత లేతునే కొనుక్కున్నాడు. కంప్యూటర్ మిషన్లు వచ్చాక ఈ ముసలి లేతుకు పనెవరిస్తారు? పంపు షాఫ్టులు, గ్రైండర్ బుష్‌లు, అంతే. దాంతోనే మొగుడూ పెళ్ళాల తిండి. అది ఆగితే ఆ ఇంటికి మరో ఆధారం లేదు.

మొన్న దసరాకి ఆయన జ్వరంతో మంచమెక్కాడు. ఆయుధపూజకు ఆయన భార్య నూకరత్నం వదిన ఒక్కతే వచ్చింది. ప్రతి ఏడూ అన్న లేతు తడవకుండా పట్టా కప్పి, కొబ్బరికాయ గడప దగ్గర కొట్టేవాడు. ఈసారి నేను నా మోటార్లకు దండలు వేసుకుంటూ అటు చూడలేదు. ఆ తర్వాత జ్వరం తగ్గేదాకా షెడ్డు తెరవలేదు.

తెరిచిన రోజు అన్న అలవాటుగా గిన్నెల్లో నూనె నింపి స్విచ్ వేశాడు. కాసేపటికే కీచుమని అరిచి, పొగలు కక్కి, లేతు బిగుసుకుపోయింది. ఇద్దరం విప్పి చూశాం. పైన గిన్నెలు నిండుగానే ఉన్నాయి, కిందికి చుక్క దిగలేదు. నూనె దారిలో పసుపుపచ్చ జిగురు, తుప్పు, పులిసిన కొబ్బరి వాసన. కడ్డీ మీద లోతుగా గీతలు పడ్డాయి. ఇంత పాతదానికి కొత్త కడ్డీ ఎక్కడా దొరకదు.

"ఏందన్నా గిట్లయింది?" అన్నాను. ఆయన ఆ జిగురును వేలితో తీసి మళ్ళీ వాసన చూశాడు.

కబురు విని వదిన పరుగున వచ్చింది. "నానేం లోటు సెయ్యలేదు తమ్ముడూ. బొట్లెట్టాను. అన్నం పెట్టే మిషనని ఆ గిన్నెల్లో కొబ్బరినీళ్ళు తీర్థంలా పోశాను. ఈయనే పూజకి రాలేదు. ఆ తల్లికి కోపం రాదేటి?"

నాకు ఒళ్ళు మండింది. "వదినా, నువ్వే గదా..." అనబోతే అన్న నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"అవునే, నాదే తప్పు. రావాల్సింది" అన్నాడు.

లేతును పాత ఇనుము వాళ్ళు ముక్కలు చేసి పట్టుకుపోయారు. ఇప్పుడు అన్న పద్మారావు నగర్‌లో ఒక అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్. మొన్న చూడబోతే వదిన నా ముందే దెప్పింది. "ఒంట్లో బాగోపోతే మాత్రం, ఒక్క పూట లెగలేకపోయారా? ఈ గేటు కాసే బతుకు తప్పేది కదా!"

అన్న తల వంచుకుని, "నిజమేనే" అన్నాడు. కారు హారన్ వినబడితే లేచి గేటు తీయడానికి వెళ్ళాడు.