పెద్ద మేడమ్‌కు పోసిన కాఫీ

దయ్యాల కబుర్లు చెప్పేవాళ్ళని చూస్తే నాకు చిన్నప్పటి నుంచీ ఒళ్ళు మంట. మా కోనసీమలో ఎవరికైనా గాలి సోకిందంటే, "ముందు కడుపునిండా అన్నం పెట్టండి, అదే పోతుంది" అనేదాన్ని. ఇప్పటికీ నా మాట అదే. అందుకే ఈ సంగతి విన్నవాళ్ళు "సత్యవతీ, నువ్వేనా ఇలా మాట్లాడేది?" అంటారు. చూసింది చూసినట్టు చెబుతాను. ఆపైన మీ ఇష్టం.

నేను సౌదీలో, ఖమీస్ ముషైత్‌లో ఒక ఇంట్లో వంటపని చేస్తాను. అదే ఇంట్లో నాకంటే ముందు నుంచీ ఖాసింబీ ఉండేది. రాయచోటి మనిషి. మా కఫీల్, అంటే మమ్మల్ని వీసా మీద తెచ్చుకున్న ఇంటాయన, ఆయన తల్లిని చూసుకోవడం ఖాసింబీ పని. తల్లిని మేం పెద్ద మేడమ్ అనేవాళ్ళం, భార్యను మేడమ్ అనేవాళ్ళం. మంచం పట్టిన ముసలావిడకు స్నానం, మందులు, నమాజుకు ముందు చేతులూ కాళ్ళూ కడగడం అన్నీ ఖాసింబీయే. ఆవిడ కన్నకొడుకును గదమాయించేది గానీ ఖాసింబీని ఒక్క మాట అనేది కాదు.

పోయే ముందు ఆవిడ కొడుకును పిలిచి, ఖాసింబీని చూపించి, "నా తరవాత ఈ పిల్లను వాళ్ళింటికి పంపించెయ్" అంది. నేనక్కడే ఉన్నాను. ఆయన సరేనని తలూపాడు.

ఆవిడ పోయాక ఆ మాట ఎవరూ ఎత్తలేదు. అక్కడ రాయచోటిలో ఖాసింబీ కూతురు కడుపుతో ఉంది. తొలి కాన్పు, తండ్రి లేని పిల్ల. ఖాసింబీ వెళ్ళకపోతే పురిటికి దిక్కు లేదు. కఫీల్ ఎగ్జిట్, అంటే ఇంటికి వెళ్ళిపోయే అనుమతి, పెట్టనిదే మేం దేశం దాటలేం. అడిగినప్పుడల్లా మేడమ్, "రంజాన్ అయ్యాక చూద్దాం" అనేది. అప్పటికి పుట్టే బిడ్డ పుట్టి బోర్లా కూడా పడుతుంది.

మేడమ్ రాక్షసి ఏం కాదు. ముగ్గురు పిల్లలు, అందులో చిన్నవాడు ఖాసింబీ జోకొడితే తప్ప నిద్రపోడు. ఆవిడ బాధ ఆవిడది.

అలా ఉండగా చలికాలం సెలవులకి వాళ్ళంతా స్పెయిన్ బయలుదేరుతూ మమ్మల్నిద్దర్నీ తీసుకెళ్ళారు. మాడ్రిడ్, కార్డోబా, సెవిల్, గ్రనడా. పేర్లు వినడానికి బాగానే ఉంటాయి. సెలవు వాళ్ళది, గిన్నెలు మావి. ఊరికో అద్దె ఫ్లాట్, వంటింటి కిటికీలోంచి కనిపించినంత మేర స్పెయిన్.

సౌదీ ఇళ్ళలో కాఫీ పోయడానికి ఒక పద్ధతుంది. పిడి లేని చిన్న చిన్న కప్పులు. మొదట పెద్దవాళ్ళకు పోయాలి. కప్పు ఖాళీ అయితే అడక్కుండానే మళ్ళీ పోయాలి. చాలనుకున్నవాళ్ళు నోటితో చెప్పరు. కప్పును రెండు వేళ్ళతో పట్టుకుని అటూ ఇటూ ఆడిస్తారు. అంతవరకూ పోసే మనిషి కూజా పట్టుకుని నిలబడే ఉండాలి.

మాడ్రిడ్‌లో మొదటి సాయంత్రం ఖాసింబీ కాఫీ కూజాతో వచ్చి, తొలి కప్పు నింపి, ఎవరూ కూర్చోని కుర్చీ ముందు పెట్టింది. కఫీల్ లేచి బాల్కనీలోకి వెళ్ళిపోయాడు. అప్పుడు గానీ తను చేసిన పని ఖాసింబీకి తెలియలేదు. నాలుక్కరుచుకుని కప్పు తీసేసింది.

కార్డోబాలో మళ్ళీ అదే జరిగింది. ఈసారి మేడమ్ వంటింట్లోకి వచ్చి నిలదీసింది. "మా అత్తగారి మాట మాకు గుర్తు చెయ్యడానికే కదా ఇదంతా? ఇలాంటి నాటకాలాడితే ఎగ్జిట్ సంగతి మరిచిపో."

ఖాసింబీ గిన్నెలు కడుగుతూ ఒకటే ఏడుపు. "కావాలని పోసినానా అక్కా? చెయ్యి దానంతట అదే పోతాది. ఇన్నేండ్లూ ముందు ఆమెకు పోసినాకనే కదా ఎవురికైనా పోసింది!"

"నీ దుంప తెగ, ఆ కూజా ఇలా తగలెయ్యవే, నేను పోస్తాను" అన్నాను. పోశాను కూడా. సగం కప్పులోకి, సగం కఫీల్ తెల్ల చొక్కా మీదికి వెళ్ళింది. మర్నాడు కూజా మళ్ళీ ఖాసింబీ చేతికే వచ్చింది.

సెవిల్‌లో ఒక మధ్యాహ్నం మాకు కాస్త తెరిపి దొరికింది. వీధుల్లో చెట్ల నిండా నారింజలు, ఒక్కళ్ళూ కోయడం లేదు. "ఈ జనానికి ఏమైందక్కా?" అని ఖాసింబీ ఒకటి కోసి కొరికింది. చేదు! రోడ్డు మీదే ఉమ్మేసింది. తరవాత నాలుగు కాయలు ఊరగాయకని కొంగులో మూటగట్టింది. పగలబడి నవ్వుకున్నాం. ఆ ఊపులోనే, "ముసలావిడ టికెట్ లేకుండా నీ వెనకాలే వస్తోందేమోనే" అన్నాను.

ఖాసింబీ చెంపలేసుకుంది. "తోబా తోబా! చచ్చిపోయినోళ్ళు తిరిగి రారక్కా. అట్ల అనగాకు."

గ్రనడాలో మా కిటికీ లోంచి మంచుకొండలు కనిపించేవి. ఒకరోజు పొద్దున కఫీల్ పిల్లల్ని తీసుకుని ఆ కొండ మీదికి వెళ్ళాడు. జలుబు చేసి మేడమ్ ఉండిపోయింది. బల్ల మీద ఎండ పడుతోంది. నేను పక్కన నిలబడి స్వెట్టర్లు మడతపెడుతున్నాను.

ఖాసింబీ వచ్చింది. తొలి కప్పు నింపి ఖాళీ కుర్చీ ముందు పెట్టింది. రెండోది మేడమ్‌కు పోసింది. చేసింది చూసుకోకుండానే ఖర్జూరాలు తేవడానికి లోపలికి వెళ్ళిపోయింది. అయిపోయిందిరా దేవుడా, దీని ఎగ్జిట్ గంగలో కలిసింది అనుకున్నాను. మేడమ్ ముఖం కందగడ్డ అయింది. ఆ కప్పు తీసెయ్యడానికి చెయ్యి చాపింది.

ఆ చెయ్యి తగలకముందే కప్పు కదిలింది. జారలేదు, దొర్లలేదు. ఉన్నచోటే అటు ఒరిగింది, ఇటు ఒరిగింది, మళ్ళీ అటు ఒరిగింది. అచ్చం ఎవరో రెండు వేళ్ళతో పట్టుకుని ఆడించినట్టు. అడుగు బల్లకు తగిలిన టకటక నా చెవులతో విన్నాను. తరవాత కుదురుగా నిలబడింది.

సాకులు నేనూ వెతికాను. కింద కొట్లో ఉండే మొరాకో ఆయన, ఇక్కడ అప్పుడప్పుడు భూమి కొంచెం అదురుతుందని అరబ్బీలో చెప్పాడు. మరి పక్కనే ఉన్న మేడమ్ కప్పు ఎందుకు కదల్లేదు? గ్లాసులో నీళ్ళు కూడా తొణకలేదు. కిటికీలు మూసే ఉన్నాయి. వంగి బల్ల కాళ్ళు కూడా చూశాను, గట్టిగానే ఉన్నాయి.

నింపిన కప్పు అంతలా ఊగితే ఒలకాలి. చుక్క కూడా ఒలకలేదు. మేడమ్ దాన్ని చేతిలోకి తీసుకుని లోపలికి చూసింది. లోపల ఏముందో, ఏం లేదో నాకు తెలియదు, నేనున్న చోటికి కనిపించలేదు. ఆవిడ మాత్రం కప్పును గుండెకు హత్తుకుని, "అమ్మా, అమ్మా" అంటూ చిన్నపిల్లలా ఏడ్చింది. ఆవిడ అలా ఏడవడం నేను అత్తగారు పోయినరోజున కూడా చూడలేదు.

ఖర్జూరాల పళ్ళెంతో వచ్చిన ఖాసింబీ, మళ్ళీ తప్పు చేశాననుకుని పళ్ళెం గబగబా బల్ల మీద పెట్టేసింది. ఏం చెయ్యాలో తోచక కూజా ఎత్తింది. మేడమ్ కప్పు మీద చెయ్యి అడ్డుపెట్టి, "చాలు ఖాసింబీ, ఇంక చాలు" అంది. అక్కడే భర్తకు ఫోన్ చేసింది. ఖాసింబీకి ఎగ్జిట్ పెట్టెయ్, ఇంటికెళ్ళేదాకా ఆగొద్దు అని చెప్పింది. ఇప్పుడదంతా ఫోన్‌లోనే అయిపోతుంది. సాయంత్రానికి ఎగ్జిట్ వచ్చేసింది.

ఆ కప్పు ఊసు మేడమ్ మళ్ళీ ఎత్తలేదు. ఒకసారి నేనే కదిపితే, "పొయ్యి మీద పాలు చూడు" అంది. పొయ్యి మీద పాలు లేవు.

ఖాసింబీ సమయానికే ఊరు చేరింది. మనవరాలు ఆమె చేతుల్లోనే పడింది. ఆమె బయలుదేరే రోజు, ఖమీస్‌లో పెద్ద మేడమ్ గదిలో పెట్టె సర్దుకుంటుంటే, గ్రనడాలో నేను చూసింది చెప్పాను. తోబా అంటుందనుకున్నాను. లేకపోతే ముసలావిడే దగ్గరుండి పంపిస్తోందని సంబరపడుతుందనుకున్నాను.

మడుస్తున్న చీర ఒళ్ళో పెట్టుకుని మంచం మీద కూలబడింది. "నా చేతి కాఫీకి ఒక్కనాడన్నా కప్పు ఆడించలేదక్కా ఆమె. డాక్టరు వద్దన్నా ఇంకా పొయ్, ఇంకా పొయ్ అనేది. నేనే కూజా ఎత్తుకోని ఉరికేదాన్ని" అంది. నా వైపు తిరిగి అడిగింది. "ఇప్పుడు నేనింక చాలు అనిందా?"

కప్పూ లేదు, కదలడమూ లేదు, అంతా నా భ్రమేనే పిచ్చిదానా అందామనుకున్నాను. దగ్గరికి తీసుకుని తల నిమిరాను గానీ ఆ మాట నోటికి రాలేదు. కప్పు కదిలింది. ఎలా కదిలిందో నాకు ఈరోజుకీ తెలియదు.