ఇరవై తొమ్మిదో వారం కొనబోయిన సంగతి

మా స్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరైన ఆయన మా వీధిలోనే, మూడిళ్ళ అవతల ఉంటారు. ఒక ఆదివారం పొద్దున్న ప్లాస్టిక్ ఫోల్డరు చంకలో పెట్టుకుని మా ఇంటికొచ్చారు. కేరళ కొండల్లో ఒక రిసార్టులో ఏడాదికి ఒక వారం ఆయనదట. గది సొంతం కాదు, ఏటా ఆ ఒక్క వారం అందులో ఉండే హక్కు మాత్రం సొంతం. ఎప్పుడో భార్యాభర్తలిద్దరూ చీరలు కొనడానికి విశాఖపట్నం వెళ్తే, షాపు బయట ఎవరో కూపను నింపించుకున్నారు. తర్వాత హోటలుకి పిలిచి, ఉచితంగా భోజనం పెట్టి, మూడు గంటలు కూర్చోబెట్టి ఈ మెంబర్‌షిప్పు అంటగట్టారు. ఇంకా పద్నాలుగేళ్ళు మిగిలి ఉన్నాయి. కొత్తగా తీసుకుంటే అయ్యేదాంట్లో మూడోవంతుకి ఇచ్చేస్తానన్నారు.

నేను లెక్కల టీచర్ని. పద్నాలుగేళ్ళని ఏడు రోజులతో గుణించి, రోజుకెంత పడుతుందో ఆయన ముందే లెక్క కట్టేశాను. మా ఊళ్ళో లాడ్జి గది కన్నా చవకగా తేలింది. ఆ హుషారులో అడ్వాన్సు కూడా ఇచ్చేశాను. ఫోల్డరు మీద పెద్దక్షరాలతో ‘29వ వారం’ అని రాసి ఉంది. చదివాను కూడా. ఏడాదికి యాభై రెండు వారాలని ముప్పయ్యేళ్ళుగా పిల్లలకి చెబుతున్నదాన్ని, ఇరవై తొమ్మిదోది ఎప్పుడొస్తుందో లెక్కపెట్టాలని మాత్రం తోచలేదు.

లెక్క పెట్టింది మా ఆయన. ఆయన గొలుగొండ దగ్గర మా పొలం చూసుకుంటారు. వరి, చెరకు, కొంచెం జీడితోట. సాయంత్రం ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుని, నేను చెప్పిందంతా ఓపిగ్గా విన్నారు. తర్వాత గోడ మీది క్యాలెండరు కిందికి దించి, వేలు పెట్టి ఒక్కొక్క వారమే దాటించుకుంటూ జూలై నడిమికి వచ్చి ఆగారు.

“అప్పుడు మనకి ఉడుపులు కదే,” అన్నారు.

ఆ ఒక్క మాటే. వరి నాట్లు పడే వారంలో రైతుని కొండెక్కమనడం పెళ్ళికొడుకుని ముహూర్తానికి ఊరికి పొమ్మన్నట్టే. పోనీ వారం మార్చుకోవచ్చేమోనని మర్నాడు ఆ మెంబర్‌షిప్పు ఇచ్చిన క్లబ్బుకి ఫోన్ చేశాను. ముందు చేయాల్సిన ఫోను అది. అటునుంచి ఒకమ్మాయి చాలా మర్యాదగా చెప్పింది. ఈ మెంబర్‌షిప్పుకి వారం మారదు. వెళ్ళినా వెళ్ళకపోయినా ఏడాది చందా కట్టాలి. పేరు మార్చాలంటే వేరే రుసుముంది. కాగితం మీద భార్యాభర్తలిద్దరి పేర్లూ ఉన్నాయి కాబట్టి ఇద్దరూ సంతకం పెట్టాలి. నా గుణకారంలో ఇవేవీ లేవు.

సంతకం సంగతి మాస్టారికి చెబితే, ఆయన ముఖం ఇంటర్వెల్లో గోడ దూకుతూ దొరికిపోయిన పిల్లాడిలా అయిపోయింది. అమ్ముతున్నట్టు ఇంట్లో చెప్పలేదట.

ఆ సాయంత్రమే మాస్టారి భార్య మా ఇంటికొచ్చారు. ఆవిడది ఎస్. రాయవరం అవతల సముద్రపు ఒడ్డు పల్లె. ఎప్పుడూ గట్టిగా మాట్లాడగా నేను వినలేదు. ఆ రోజూ గట్టిగా మాట్లాడలేదు. కుర్చీలో కూర్చుని, మంచినీళ్ళు తాగి, గ్లాసు కింద పెట్టారు.

“టీచరమ్మా, ఆ గది మీరు కొనీసారంట కదా.”

అడ్వాన్సు మాత్రం ఇచ్చామని చెప్పాను.

“పదకొండేళ్ళయింది. ఏటేటా సందా కడతన్నాం. ఆ గదికి కిటికీ ఎటేపుందో నాకు తెల్దు. నాను సూడకుండా సంతకం ఎట్టను.”

పదకొండేళ్ళలో ఒక్కసారైనా ఎందుకు వెళ్ళలేదని అడిగాను. ఏ ఏటికా యేడు మాస్టారు వచ్చే సంవత్సరం అంటూ వచ్చారట. ఒక ఏడు ఆటల పోటీలు, ఒక ఏడు మోకాలు, ఒక ఏడు వానలు. ఈ జూలైలో తను వెళ్ళి చూసొస్తానని, ఒక్కతే వెళ్ళడానికి భాష రాదని, తోడు రమ్మని నన్నడిగారు. నాకూ మలయాళం రాదు. ఆ మాట చెప్పినా వినలేదు. అలా కొనాల్సినదాన్ని, అమ్మేవాళ్ళకి అతిథిగా బయల్దేరాను. స్కూలుకి సెలవు పెట్టినప్పుడు కారణం ‘కుటుంబ అవసరాలు’ అని రాశాను. ఎవరి కుటుంబమని హెడ్‌మాస్టరు అడగలేదు.

తునిలో రైలెక్కాం. దిగాక ఘాట్ రోడ్డు మీద నాలుగు గంటల బస్సు. పదో మలుపు దగ్గర ఆవిడ కిటికీలోంచి లోయ చూస్తూ ఉన్నట్టుండి నవ్వడం మొదలుపెట్టారు. ఎందుకంటే చెప్పారు. మాస్టారికి మలుపులు పడవట. పెళ్ళైన కొత్తలో నర్సీపట్నం నుంచి చింతపల్లి బస్సెక్కిస్తే మూడో మలుపుకే దిగిపోయి, మిగతా దూరం నడుస్తానని మొండికేశారట.

“డ్రిల్లు మాస్టారండీ మరి. పిల్లలకి తెలిస్తే ఏటైపోతాది?” అన్నారు.

పదకొండేళ్ళు చందా కడుతూ ఆయన ఆ గదికి ఎందుకు వెళ్ళలేదో నాకప్పుడు అర్థమైంది. ఆవిడకి మొదట్నుంచీ తెలుసు. తెలిసీ ఆయన నోటితో చెబుతారేమోనని చూస్తూ వచ్చారు.

రిసార్టు అందంగానే ఉండి ఉంటుంది. మాకు కనబడలేదు. మొదటి మూడు రోజులూ కిటికీ బయట తెల్లటి పొగమంచు, దాని వెనక వాన. తోటలో నడుద్దామని దిగితే జలగలు పట్టుకున్నాయి. రిసెప్షన్ అబ్బాయి ఉప్పు పొట్లం ఇచ్చి, ఈ సీజన్‌లో గదులు సగం ఖాళీగా ఉంటాయని మమ్మల్ని ఓదార్చాడు. సీజనంటే ఏమిటో నాకప్పుడు వివరంగా బోధపడింది. క్రిస్మస్ వారానికి ఒక విలువ, జూలై వారానికి ఒక విలువ. మూడోవంతుకి ఎందుకిస్తానన్నారో ఆ జలగని లాక్కుంటున్నప్పుడు తెలిసింది.

రోజూ సాయంత్రం మా ఆయన ఫోన్ చేసేవారు. అక్కడ గొలుగొండలో చినుకు లేదు. నారు ముదిరిపోతోందని, ఉడుపులు ఆగిపోయాయని చెప్పి, మీకక్కడ ఎలా ఉందని అడిగేవారు. ఆగకుండా కురుస్తోందని చెప్పడానికి నాకు మొహమాటంగా ఉండేది. మూడో రోజు, కొద్దిగా మబ్బేసిందని అబద్ధం చెప్పాను. వెనక రేకు కప్పు మీద ధబధబమని వాన వినబడుతూనే ఉంది. ఆయన మంచిది, తడవకుండా జాగ్రత్త అని పెట్టేశారు.

గదిలో చిన్న వంటిల్లుంది. నాలుగో రోజు హోటలు తిండి విసుగుపుట్టి, ఆవిడ తన సంచిలోంచి ఎండు రొయ్యల పొట్లం తీసి బాణలిలో వేయించారు. ఆ వాసన వరండా అంతా నడిచింది. ఎవరో తలుపు కొట్టారు. జరిమానా వేస్తారనుకుని నేను మెంబర్‌షిప్పు ఫోల్డరు చేతిలో పట్టుకునే తలుపు తీశాను. తెల్ల టోపీ పెట్టుకున్న వంటమనిషి. నా వైపు చూడనైనా చూడకుండా బాణలి దగ్గరికెళ్ళి, కళ్ళు మూసుకుని వాసన పీల్చాడు. అతనిదీ సముద్రపు ఒడ్డేనట. ఆ సంగతి ఏ భాషలో తెలిసిందో నేను చెప్పలేను. ఆవిడ తెలుగులో, అతను మలయాళంలో అరగంట మాట్లాడుకున్నారు. మధ్యలో ఇద్దరూ ఒకే చోట నవ్వారు కూడా. ఆ తర్వాత మూడు రోజులూ మాకు పొద్దున్నే కొబ్బరేసిన చేపల కూర వచ్చింది.

అయిదో రోజు ఒక గంట ఎండ కాసింది. లోయ మొత్తం ఒక్కసారి కనబడింది. ఆవిడ కుర్చీ కిటికీ దగ్గరికి జరుపుకుని కూర్చున్నారు. టీ ఇచ్చాను. అది తాగుతూ, “ఈ వారంలో ఏటి వండమంటారని నానెవర్నీ అడగలేదు. నన్నెవరూ అడగలేదు,” అన్నారు. నేనూ పక్కన కూర్చున్నాను.

తిరిగొచ్చిన మర్నాడు సంతకాల కోసం నేనూ మా ఆయనా వాళ్ళింటికి వెళ్ళాం. మాస్టారు పెన్ను కూడా తెరిచి సిద్ధంగా పెట్టారు. ఆవిడ ఫోల్డరు తీసి బీరువాలో పెట్టి తాళం వేశారు. “టీచరమ్మా, నానమ్మను. ఏడాదేడాదీ మీరు నాతో వద్దురుగాని,” అన్నారు. మాస్టారు పెన్నుకి మూత పెట్టారు. మా అడ్వాన్సు ఆ సాయంత్రమే వెనక్కి వచ్చేసింది. నాకు బాధ కలగాలి గానీ, నిజం చెప్పాలంటే బస్సు దిగినంత తేలిగ్గా అనిపించింది. మా ఆయన ఆ రాత్రి రెండు ముద్దలు ఎక్కువ తిన్నారు.

ఇప్పటికి నాలుగు జూలైలు వెళ్ళొచ్చాం. దాంతో వీధిలో ఈ వ్యవహారం తెలిసినదాన్ని నేనే అని పేరొచ్చింది. కిందటి చలికాలం మాకవరపాలెం నుంచి ఒక కొత్త జంట వచ్చారు. ఎవరో గోవాలో తమ వారం అమ్ముతున్నారట. కొనమంటారా అని అడిగారు. కొనమనీ వద్దనీ చెప్పకుండా, వాళ్ళని కూర్చోబెట్టి నా కథంతా చెప్పాను. అమ్మే మనిషి మంచివాడే అయినా, క్లబ్బుకి మీరే ఫోన్ చేసి అడగండన్నాను. వారం ఎప్పుడు, మారుతుందా, ఇంకా ఎన్నేళ్ళున్నాయి, చందా ఏటా పెరుగుతుందా, కాగితం మీద ఎవరెవరి పేర్లున్నాయి. ఇవి తెలిశాకే డబ్బు చేతులు మారాలి. వీలైతే ఒకసారి అతిథులుగా వెళ్ళి ఉండి చూడండి. మీరు మళ్ళీ అమ్ముకోవాలంటే మాలాంటి వాళ్ళు రోజూ దొరకరని కూడా చెప్పాను. ఆ అబ్బాయి అన్నీ ఫోన్‌లో టైపు చేసుకున్నాడు. ఆ అమ్మాయి మాత్రం, ఎండు రొయ్యలు తీసుకెళ్ళనిస్తారో లేదో కూడా రాయమంది.

పది రోజులకి మళ్ళీ వచ్చారు. క్లబ్బువాళ్ళని అడిగితే ఆ మెంబర్‌షిప్పుకి రెండేళ్ళే మిగిలి ఉన్నాయని తేలిందట. కొనలేదు. దానికి బదులు లంబసింగిలో రెండు రోజులు గది అద్దెకి తీసుకుని, చలికి వణికి, ఇద్దరూ జలుబు పట్టించుకుని వచ్చారు. చాలా బాగుందని తుమ్ముతూ చెప్పారు. నాకోసం ఒక డబ్బా స్ట్రాబెర్రీలు తెచ్చారు. బాగా పుల్లగా ఉన్నాయి. మా ఆయన పంచదార అద్దుకుని అన్నీ తినేశారు.