గేటు మీద పేరు

నా చిన్నప్పుడు మేం మిషిగన్‌లో ఉండేవాళ్ళం. మా నాన్న ఒక కార్ల కంపెనీలో ఇంజినీరు ఉద్యోగం మానేసి, కారు తలుపులకు తాళాలు చేసే చిన్న వర్క్‌షాప్ పెట్టారు. ఆ తాళం ఆయన సొంతంగా కనిపెట్టిందే. నాకు పదేళ్ళప్పుడు ఇద్దరు పెట్టుబడిదారులు వచ్చి, పెద్ద ఫ్యాక్టరీ కట్టిస్తాం, సగానికి పైగా వాటా మాకివ్వండి అన్నారు. శుక్రవారం సంతకాలనుకున్నారు.

ఆ వారమంతా ఇంట్లో ఎవరికీ కుదురు లేదు. నాన్న అన్నం కలిపి, తినకుండానే లేచి ఫోన్ దగ్గరికి వెళ్ళేవారు. అమ్మ వంటింట్లో డబ్బాలు తీసి, తుడిచి, మళ్ళీ అక్కడే పెట్టేది. ఆ కంగారు నాకూ అంటుకుంది. గురువారం బడి నుంచి వచ్చాక ఇంట్లో ఉండలేక పక్కింటికి వెళ్ళాను.

పక్కింట్లో ఒక అమెరికన్ పెద్దావిడ ఒంటరిగా ఉండేవారు. ఇంట్లో మేం ఆవిడని మామ్మగారనే అనేవాళ్ళం. పెరట్లో రాలిన ఆకులు పోగుచేస్తున్నారు. నాకు నోరాగక అంతా చెప్పేశాను. మా నాన్నకి ఫ్యాక్టరీ వస్తోందని, గేటు మీద మా ఇంటిపేరు రాస్తారని. ఆవిడ చేతిలో పని ఆపేసి మెట్టు మీద కూర్చున్నారు.

కార్లు కొత్తగా వస్తున్న రోజుల్లో వాళ్ళ నాన్నగారు సొంతంగా ఒక కార్ల కంపెనీ పెట్టారట. డబ్బు చాలక కొందరు పెట్టుబడిదారుల్ని కలుపుకున్నారు. ఆయన మామూలు జనం కొనగలిగే కారు చేద్దామన్నారు. వాళ్ళు ఖరీదైనవే చాలన్నారు. వాటా ఎక్కువ కాబట్టి ఓట్లూ వాళ్ళకే ఎక్కువ. ఒక మీటింగులో చేతులెత్తి ఆయన్ని తీసేశారు. మర్నాడు తన డ్రాయింగులు తెచ్చుకుందామని అప్పటికి చిన్నపిల్లగా ఉన్న ఈవిడ చెయ్యి పట్టుకుని వెళ్తే, రోజూ చూసే కాపలావాడు టోపీ తీసి పలకరించాడు గానీ గేటు మాత్రం తీయలేదు. పైన వాళ్ళ ఇంటిపేరే ఉందట.

"వాళ్ళు మోసం చేశారా?" అనడిగాను.

"లేదు. అన్నీ కాగితాల్లోనే ఉన్నాయి. మా నాన్నకి తొందర. కారు మీదున్న ధ్యాస కాగితం మీద లేదు," అన్నారావిడ.

నేను పరుగెత్తుకుంటూ ఇంటికొచ్చాను. నాన్న వంటింటి బల్ల దగ్గర కాగితాలు సర్దుతున్నారు.

"నాన్నా, రేపు నువ్వు సైన్ చేశాక వాళ్ళు నిన్ను బయటికి పంపెయ్యొచ్చా?"

నాన్న నవ్వబోయారు. "తాళం నాదైతే నన్నెవరు పంపుతారే?"

"ఆ మాట అందులో ఉందా?"

అమ్మ కుళాయి కట్టేసింది. "దానికి జవాబు చెప్పండి," అంది.

నాన్న కుర్చీ లాక్కుని కూర్చున్నారు. మొదటి పేజీ నుంచి ఒక్కో వరుస మీదా వేలు పెట్టి చదివారు. ఒకచోట వేలు ఆగింది. అదే పేరా రెండుసార్లు చదివి, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టేశారు. "వాటా ఎక్కువున్నవాళ్ళు నన్ను తీసెయ్యొచ్చట," అన్నారు.

మర్నాడు నాన్న వాళ్ళతో సగం వాటా తన దగ్గరే ఉంచుకుంటానన్నారు. వాళ్ళు మర్యాదగానే చెయ్యి కలిపి వెళ్ళిపోయారు. ఆ తర్వాత మరొకాయనకి ఫ్యాక్టరీ కట్టించారు. హైవే మీద దాని పక్కనుంచి వెళ్ళేటప్పుడల్లా నాన్న మాట మధ్యలో ఆగిపోయేవారు. మా వర్క్‌షాప్ చివరిదాకా అంతే ఉండిపోయింది. కారు వెనక సీట్లో కూర్చుని, ఇదంతా నా మూలంగానేనని నేను ముడుచుకుపోయేదాన్ని.

కాలేజీలో చేరే ముందు ఒకరోజు కార్లో వెళ్తూ, ఉండబట్టలేక ఇదంతా నా మూలంగానేనా అని నాన్నని అడిగేశాను.

"నువ్వు వద్దనలేదుగా. అడిగావు. చదివిందీ వద్దన్నదీ నేను," అన్నారు.

ఆ రోజు ఆయన చేసింది మంచిదో కాదో నాకిప్పటికీ తెలియదు. కానీ అరవయ్యేళ్ళు దాటినా, ఏ కాగితం ముందు పెట్టినా నా చెయ్యి వెంటనే కలం అందుకోదు. ఎదుటివాళ్ళు గడియారం చూసుకుంటున్నా సరే, చివరి వరుస దాకా చదువుతాను. నాకూ లోపల తొందరగానే ఉంటుంది. అయినా చదువుతాను.