సెకనుకు పది బొమ్మలు

ఇటు దగ్గరికి జరిగి కూర్చుని చదువు బిడ్డా. గట్టిగా చెప్పే మాట కాదిది. తొమ్మిదేళ్లుగా కడుపులో మోస్తున్నాను. మొయ్యగా మొయ్యగా బరువు తేలికవుతుందంటారు. కాలేదు. నేను నాలుగో తరగతి దాటలేదు, రాతలో తప్పులుంటే సర్దుకో. జరిగినదాంట్లో మాత్రం ఒక్క ముక్క మరిచిపోలేదు.

మాది సిరిసిల్ల. బాపుకు నాలుగు మరమగ్గాలు ఉండేవి. నేనూ మా చెల్లే ఆ షెడ్డులోనే కండెలకు దారం చుడుతూ పెరిగాం. మగ్గాలు నడుస్తుంటే పక్కనున్న మనిషి అరిచినా వినపడదు. అందుకే మా ఇండ్లలో అందరికీ పెదవులు చూసి మాట పట్టుకోవడం వస్తుంది. ఎవరూ నేర్పరు. అవ్వ, అంటే కన్నతల్లి, గడపలో నిలబడి అన్నానికి పిలుస్తుంటుంది, ఆకలైన పిల్లలు వాళ్లే నేర్చుకుంటారు.

నన్ను కరీంనగర్ ఇచ్చారు. చెల్లె పెండ్లయ్యాక కూడా అవ్వ దగ్గరే ఉండిపోయింది. అవ్వకు కాళ్లు పడిపోయాక ఎత్తింది, కడిగింది, తినిపించింది. అయినా అవ్వ దాన్ని తిట్టని రోజు లేదు. నేను రెండు నెలలకోసారి పండ్లు పట్టుకుని పోతే మాత్రం నా చెంపలు నిమిరి, "నువ్వే నా బంగారానివే" అనేది. చెల్లె పక్కనే నిలబడి వినేది. అవ్వ పోయిన పదకొండో నాడు నా ఒళ్లో తల పెట్టి అది ఒక్కటే మాట అన్నది. "అక్కా, అవ్వ నన్ను ఒక్కనాడన్న మంచిదానివి అనలే."

ఈ మాట గుర్తు పెట్టుకో.

ఆ తర్వాత కొన్నాళ్లకు చెల్లె నా చేతిలో ఒక డీవీడీ పెట్టింది. దాని బిడ్డ పెండ్లిది. పెండ్లయిన కొత్తలో ఒక్కసారి వేసి చూశారు. ఇల్లంతా చుట్టాలు, ఎవరి మొహం వాళ్లు వెతుక్కున్నారు, ముసలిదాన్ని ఎవరు చూస్తారు? తర్వాత ప్లేయరు చెడిపోయింది. ఇప్పుడు అవ్వ కదలడం చూడాలని దానికి ఆశ. కరీంనగర్‌లో చేస్తారు కదా, ఫోన్లోకి ఎక్కించి తెమ్మన్నది.

కంప్యూటర్ షాపాయన డిస్కు వేశాడు. పెండ్లికి రెండు రోజుల ముందు తీసిన ముక్క వచ్చింది. బట్ట ఇవ్వాల్సిన గడువు ఉండి మగ్గాలు నడుస్తూనే ఉన్నాయి. చెల్లె అటు తిరిగి తెగిన పోగు ముడేస్తున్నది. కుర్చీలో అవ్వ. వీడియో ఆయన ఏదో చెప్పమన్నట్టున్నాడు, అవ్వ ఇటు తిరిగి మాట్లాడింది. మగ్గాల చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. షాపాయనకు వినపడలేదు. నాకు కనపడింది.

రెండు మాటలు అన్నది. మొదటిది చెల్లె గురించి. దాన్ని రాయడానికి చెయ్యి రావడం లేదు, కాసేపు ఆగు. రెండోది నా గురించి. "పెద్దది చుట్టం లెక్క వస్తది, చుట్టం లెక్క పోతది."

నా చెంపలు నిమిరిన చెయ్యి అదే కదా? బంగారం అన్న నోరు అదే కదా? నా ముందర ఒకటి, ఊరూ పేరూ తెలియని వీడియో ఆయన ముందర ఇంకొకటి. చచ్చిపోయిన మనిషిని నిలదీయడానికి కూడా లేదు. మోసపోయానన్న మంట నెత్తికెక్కింది. అవ్వ అన్నది అబద్ధమైతే అంత మండేదా? ఆ ప్రశ్న అప్పుడు నన్ను నేను అడగలేదు.

షాపాయన మంచివాడు, అన్నీ విడమరిచి చెప్పాడు. వీడియో అంటే కదలని బొమ్మల వరస, ఈ డిస్కులో సెకనుకు ఇరవై అయిదు ఉన్నాయి, అట్లనే ఉంచితే ఫోన్లో జాగా ఎక్కువ పడుతుంది. పదికి తగ్గిస్తే ఫైలు చిన్నదవుతుంది కానీ మనిషి ఎగిరెగిరి పడినట్టు కనపడుతుంది, మొహం కూడా అలుక్కుపోతుంది అన్నాడు.

పెదవులు తెలుస్తాయా అని అడిగాను. తెలియవన్నాడు.

"చిన్నగనే చెయ్యి," అన్నాను.

ఫోన్లో జాగా లేదని కాదు. ఉంది.

అసలు డిస్కు భద్రంగా దాచుకోమని, ఎన్నడైనా మళ్లీ మంచిగా చేసుకోవచ్చని ఆయన మరీ మరీ చెప్పాడు. నేను ఇంటికి పోయి దాన్ని జామచెట్టుకు కట్టాను. చిలకలు రాకుండా వాడకట్టంతా పాత సీడీలు కడతారు, అందులో ఇదొకటి అయిపోయింది. రెండు ఎండాకాలాలకు మెరుగు పొరలు పొరలుగా లేచిపోయింది. రోజూ ఆ చెట్టు కిందే అంట్లు తోముకున్నాను.

చెల్లె ఆ ముక్కను ఫోన్లో ఎన్నిసార్లు చూసిందో లెక్కలేదు. ఫోను మొహానికి ఆనించుకుని చూసేది. ఒకనాడు అడిగింది.

"అక్కా, అవ్వ ఏమో అంటున్నదే. పట్టుకుందామంటే దొరకది. నోరు తెరుస్తది, అంతల్నే మూసి ఉంటది. నీకేమన్న సమజైందా?"

"ఏమంటది చెల్లె. ఛాయ్ తాగిండ్రా అని అడుగుతున్నట్టుంది."

"గంతేనా?"

"గంతే."

అది కాసేపు ఆ ఫోన్‌నే చూసి నవ్వింది. "అవునే, గట్లనే అడుగుతది. నన్ను తప్ప అందరిని అడుగుతది."

ఆనాటి నుంచి పొద్దున్నే అవ్వ ఫోటో ముందర ఒక గ్లాసు ఛాయ్ పెడుతుంది. ఇప్పటికీ. నేను పోయినప్పుడు ముందు ఆ గ్లాసు నింపి, తర్వాత నాకు పోస్తుంది. నేను తాగుతాను. ఎట్లా దిగుతుందని అడగకు. దిగుతుంది.

అవ్వ నన్ను మోసం చేసిందనుకున్నాను. అవ్వ అన్నది నిజమే కదా, అది మోసమెట్లా అవుతుంది? నేను చేసిందే మోసం. ఒక మనిషి బతుకంతా ఎదురుచూసిన మాటను దారిలో పట్టుకుని దాచాను.

చెల్లెకు ఇంకా చెప్పలేదు. చెప్తే ఏమంటుందో తెలియదు. గంట సేపు బస్సు దారి. ఎన్నోసార్లు చెప్పాలనే ఎక్కాను, ఛాయ్ తాగి తిరిగొచ్చాను. అందుకే ముందు ఇక్కడ రాస్తున్నాను. అవ్వ అన్న మొదటి మాట ఇది.

"నా చిన్నదే నాకు అవ్వ అయింది."

రాశాను. నాకు మాఫీ దొరికిందని కాదు. ఆ మాట నా ఒక్కదాని దగ్గరే లేదిక, అంతే.

మీ ఇంట్లో పెద్దవాళ్లు ఎవరిని మెచ్చుకుంటే ఆ మెప్పు వాళ్ల చెవినే పడాలి, మధ్యలో నాలాంటి వాళ్లు ఎవరూ ఉండొద్దు. నీ ఇల్లు సల్లగుండాలె బిడ్డా.