గుడ్డలు కుక్కిన గంటలు

తిరుమణి పక్కన ఇప్పుడు సోలార్ పలకలు పరిచిన నేలలో ఒకప్పుడు వంక ఉండేది. మా తాత ఎద్దులబండిని దొంగలు దోచుకున్నది అక్కడే. అమ్మవారి నగలకు మెరుగు పెట్టించి పావగడ నుంచి తెస్తుంటే, పొద్దు వాలే వేళ, ముఖాలకు గుడ్డలు కట్టుకున్న ఇద్దరు అడ్డం నిలిచి నగల పెట్టె ఎత్తుకుపోయారు. పోలీసులు వచ్చారు, వెళ్లారు. దొంగలెవరో నేటికీ తెలియదు. ఆ నగలు కాపాడే బాధ్యత మా వంశానిది. ఆ ఏడాది నుంచి జాతరలో తొలి హారతి మాకు లేదు. తర్వాత ఎద్దులు పోయాయి, పొలాలు తరిగాయి, మిగిలింది సోలార్‌కు కౌలుకిచ్చాం. అయినా నేను ఎవరి ముందూ నడుం వంచలేదు. తప్పు మాది కాదు కదా.

తప్పు బండి తోలినాయనదని తాత చెప్పాడు. "ఎద్దుల మెడగంటల్లో గుడ్డలు కుక్కమని చెప్తి. వాడు కుక్కల్యా. ఆ సద్దు ఇనే దొంగలు కాపేసినారు."

ఊరు నమ్మింది. అంతవరకు జాతరలో అమ్మవారి బండి పగ్గాలు పట్టింది ఆయన ఇంటివాళ్లే. మళ్లీ పట్టనివ్వలేదు. "కుక్కినా సామీ, నా చేతుల్తో కుక్కినా" అంటూనే ఆయన పోయాడు.

మా ఇంట్లో అందరం ఆ గంటలు విన్నాం. వంక దాటేటప్పుడు మా అవ్వ మాట ఆపేసేది. "ఇనపడిందా?" అనేది. నాకు వినపడేది. పలకలు వచ్చాక కూడా, కంచె పక్కన నడుస్తుంటే వెనక నుంచి వచ్చేది ఆ సద్దు. తిరిగి చూసేవాణ్ని కాదు.

పోయిన ఏడు అటక కూలేలా ఉందని సామాను దించాను. అడుగున గోనెలో ఎద్దుల మెడకు కట్టే గంటల పట్టెళ్లు రెండు. దోపిడీ నాడే తాత వాటిని విప్పి అటకెక్కించాడని, ఎవరినీ తాకనివ్వలేదని విని ఉన్నాను. ఊపాను. సద్దు లేదు. ప్రతి గంటలోనూ నాలుక కదలకుండా గుడ్డ బిగించి ఉంది. ఎర్ర అంచు గుడ్డ. పెట్టెలో దాచుకున్న తాత తలపాగా తీసి పరిచాను. ఒక కొస చింపి ఉంది. అంచు అదే.

తన తలపాగా తానే చింపి ఇచ్చాడు. మరి ఇన్నేళ్లూ నేను విన్నదేమిటి?

బండి తోలినాయన కొడుకు ఇప్పుడు సోలార్ గేటు దగ్గర వాచ్‌మన్. నాకంటే పెద్దవాడు. గోనె భుజానేసుకుని వెళ్లాను.

"ఏంది సామీ, నువ్వే మూట మోసుకోని వచ్చినావు? ఈ పొద్దు సూర్యుడు యాడ పొడిసినాడో!"

పట్టెడ చేతికిచ్చాను. గుడ్డలను వేలితో తడిమాడు.

"మీ నాయన అబద్ధం చెప్పలేదప్పా" అన్నాను.

"అది మాకు తెల్దా? మా ఇంట్లో పసిబిడ్డకీ తెల్సు." నేను గుడ్డ లాగబోతే చెయ్యి పట్టుకున్నాడు. "తీయొద్దు. ఇట్లే ఉండనీ. జాతరకు ఊరంతా వస్తాది గదా, ఆడ చెప్పు. మీ తాత పేరు పెట్టి చెప్పు."

నెల రోజులు నిద్ర లేదు. జాతర నాడు అమ్మవారి బండి ముందు నిలబడి చెప్పాను. "ఇప్పుడా చెప్పేది?" అని వెనక ఎవరో అన్నారు.

బండి తోలినాయన కొడుకు గంటల్లోంచి గుడ్డలు ఒక్కొక్కటే లాగి, పట్టెళ్లు ఎద్దుల మెడలకు కట్టి, పగ్గాలు అందుకున్నాడు. బండి కదిలింది. ఆ గంటల సద్దు అప్పుడే మొదటిసారి విన్నాను. వంక దగ్గర నాకు వినపడింది ఇది కాదు.