ఆయన వచ్చేదాకా ఆగిన పడవలు

మా ఫీల్డుమేన్ గారు పోయారని మే నెల మొదట్లో చిన్నాన్న ఫోన్ చేసి చెప్పాడు. బడికి సెలవులు కావడంతో గుడివాడలో మా ఇంట్లో బియ్యం ఏరుకుంటూ కూర్చున్నాను. "బందర్లో, ఇంట్లోనే అంటమ్మా. కాఫీ తాగి అట్టా కుర్చీలోనే ఒరిగిపోయారంట" అన్నాడు. ఆయన నన్నడిగిన ఒక ప్రశ్నకు నేనింకా జవాబు చెప్పలేదు. ఇక చెప్పినా వినడానికి ఆయన లేరు.

ఆయన మత్స్యశాఖలో చిన్న ఉద్యోగి. హంసలదీవి దగ్గర మా పల్లెతో పాటు చుట్టుపక్కల పల్లెలు కూడా ఆయనవే. సైకిల్ మీద వచ్చేవారు. ప్యాంటు చైనులో పడకుండా కాలికి రబ్బరు బ్యాండు చుట్టుకునేవారు, దిగాక కూడా తీయడం మర్చిపోయి రోజంతా అలాగే తిరిగేవారు. మా పల్లెలో అందరికంటే ఎక్కువ చేపల పేర్లు ఆయనకే తెలుసు. కానీ చేప ముట్టరు, గుడ్డు కూడా తినరు. మా నాన్నకి ఇదో పెద్ద వేడుక. "రుచే తెలీనోరు మాకు రూల్సు చెబుతారేంటండీ?" అనేవాడు. "రుచి తెలిస్తే నేనూ మీతోపాటు దొంగతనంగా వేటకొచ్చేవాణ్ణయ్యా, నీకెందుకు ఆ బాధ?" అనేవారాయన. ఇద్దరూ నవ్వుకునేవాళ్ళు.

చేపల వేలంపాట జరిగే షెడ్డుకి ఒక వైపు గోడ ఉండేది. దాని మీద ఆయన వారానికోసారి సుద్దముక్కతో వార్తలు రాసేవారు. మాగ చేపలు ఒడ్డుకి దగ్గరగా తిరుగుతున్నాయి, జానెడు లేని పండుగప్పను వదిలెయ్యండి, దోమతెర లాంటి వలలు కాలవ సముద్రంలో కలిసే మొగలో కట్టొద్దు, ఎల్లుండి గాలి ఎక్కువ. చదువురాని వాళ్ళకి చదివి వినిపించేది నేను. ఒకసారి 'నిషేధం' అనే మాట దగ్గర తడబడితే, వెనకనుంచి వచ్చి, "అది పలకడమే కష్టం తల్లీ, పాటించడం ఇంకా కష్టం" అన్నారు.

వేసవిలో ఆ వేట నిషేధం మొదలైన కొత్తల్లో మా పల్లె ఆయన మీద విరుచుకుపడింది. నెలన్నర పాటు ఇంజన్ పడవలు సముద్రంలోకి వెళ్ళకూడదంటే తినేదేమిటి? ఆయన షెడ్డులో అరుగు మీద కూర్చుని అందరి తిట్లూ తిన్నారు. ఆఖర్న, "ఇవి సముద్రానికి పురిటి రోజులు. పురిటి గదిలోకి ఇంజన్ వేసుకుని వెళ్తామా?" అన్నారు. ఆడవాళ్ళు ముందు మెత్తబడ్డారు. మగవాళ్ళు మెత్తబడలేదు. ఆ ఏడాదే మా పల్లె పడవలు రెండు దొంగచాటుగా వెళ్ళి దొరికిపోయాయి. ఆఫీసు వాళ్ళొచ్చి వలలు, ఇంజన్లు పట్టుకెళ్ళిపోయారు.

వాటిని విడిపించడానికి ఆయన వారం రోజులు బందరు ఆఫీసు చుట్టూ తిరిగారు. ఇంకోసారి ఇలా జరగదని పల్లె తరఫున తానే రాసి సంతకం పెట్టారు. వలలు తిరిగొచ్చిన రోజు మా పెద్దలంతా షెడ్డులో చేరి, నిషేధం రోజుల్లో ఆయన్ని అడక్కుండా ఒక్క ఇంజన్ కూడా వెయ్యమని సముద్రం మీద ఒట్టేశారు. మా వాళ్ళు ఇంకేదైనా తప్పుతారు గానీ ఆ ఒట్టు తప్పరు. అప్పుడు అది మాకెంతో గొప్పగా అనిపించింది.

మరుసటి వేసవి సంగతి ఇది. నేను అవనిగడ్డలో ఇంటర్ పూర్తి చేసి ఇంటి దగ్గరే ఉన్నాను. మా నాన్నది తెరచాప పడవ, ఇంజన్ లేదు. ఇంజన్ లేని పడవలకి నిషేధం లేదని ఫీల్డుమేన్ గారే చెప్పారు. నాన్న ఒక్కడే పొద్దున్నే వెళ్ళాడు. పదిగంటల వేళ ఉన్నట్టుండి గాలి తిరిగింది. ఒడ్డునుంచి చూస్తే, దూరంగా మా తెరచాప ఒకసారి పక్కకి వాలి, లేచి, మళ్ళీ వాలింది. ఆ తర్వాత లేవలేదు.

ఒడ్డు మీద తొమ్మిది ఇంజన్ పడవలున్నాయి. ఆ గాలికి ఎదురు తెడ్లేసుకుని అంత దూరం పోవడం అయ్యే పని కాదు. ఫీల్డుమేన్ గారు కూడా ఆ వేళ అక్కడే ఉన్నారు. చిన్నాన్న పరుగెత్తుకెళ్ళి, "ఎల్తామండీ, చెప్పండి" అన్నాడు. ఆయన అప్పటికే సైకిల్ స్టాండు తీస్తున్నారు. "ఐదు నిమిషాలాగండి. బందరుకి ఫోన్ చేసి చెప్పేసి వస్తా. లేకపోతే మళ్ళీ మీ పడవలు పట్టుకుంటారు" అని సైకిలెక్కారు. పక్క ఊళ్ళో ఎస్టీడీ బూత్ ఉంది. లైను కలవలేదు. కలిశాక ఆఫీసరు సీట్లో లేడు. ఇంకో నంబరు చెప్పారు, అది ఎంతసేపటికీ ఎంగేజ్.

ఆయన తిరిగొచ్చేసరికి గంట దాటింది. పడవలన్నీ నీళ్ళల్లోకి దింపి ఉన్నాయి. ఇంజన్ల తాళ్ళు చేతుల్లో పట్టుకుని మా వాళ్ళు మొలలోతు నీళ్ళలో నిలబడి ఆయన కోసం దారి చూస్తున్నారు. అమ్మ ఇసకలో కూలబడి ఉంది. ఆయన సైకిల్ పడేసి, "ఇంకా వెళ్ళలేదా? ఐదు నిమిషాలన్నాను గదయ్యా! ఇంతసేపు ఎందుకాగారు?" అని అరిచారు. "మీరు రాలేదు గదండీ" అన్నాడు చిన్నాన్న. అప్పుడు వేశారు ఇంజన్లు. పడవ బోర్లాపడి దొరికింది. నాన్న మూడో రోజు ఏటి మొగ దగ్గర దొరికాడు.

ఎవరిని తిట్టాలో మాకెవరికీ తెలియలేదు. అదే నరకం. ఆయన మా ఇంటికొచ్చి వసారాలో కింద కూర్చున్నారు. అమ్మ మంచినీళ్ళిస్తే గ్లాసు పట్టుకునే ఉన్నారు గానీ తాగలేదు. "మీరేం చేత్తారండీ. మావోళ్ళు మాత్రం ఏం చేత్తారు" అంది అమ్మ. ఆయన తల అడ్డంగా ఊపారు. ఆ తర్వాత షెడ్డు గోడ మీద వార్తలు రాయడం మానేశారు.

నన్ను టీచర్ ట్రైనింగులో చేర్చింది ఆయనే. అప్లికేషన్ తెచ్చి నింపారు, బందర్లో కౌన్సెలింగుకి వెంట వచ్చారు, గుడివాడ దగ్గరి హాస్టల్లో వార్డెన్‌తో నా తరఫున పోట్లాడారు. ఆయన చెయ్యకపోతే నేనిప్పుడు ఎక్కడుండేదాన్నో ఊహించుకోలేను. ఇది నేను ఎవరి ముందైనా చెబుతాను. కానీ హాస్టల్‌కి వెళ్ళే రోజు బస్సులో పక్క సీట్లో కూర్చుని, చాలాసేపు చేతుల్ని చూసుకుని, "నా మీద కోపముందా తల్లీ?" అని అడిగారు. నేను కిటికీలోంచి చేలను చూస్తూ ఉండిపోయాను. లేదంటే అబద్ధం, ఉందంటే అన్యాయం. పామర్రు వచ్చింది, దాటిపోయింది. ఆయన మళ్ళీ అడగలేదు. ఆ తర్వాత ఎన్నిసార్లు కలిసినా ఎండల గురించి, ట్రాన్స్‌ఫర్ల గురించే మాట్లాడుకున్నాం.

అస్థికలు కలపడానికి ఆయన కొడుకు బందరు నుంచి హంసలదీవి వచ్చాడు. నేనూ గుడివాడ నుంచి వెళ్ళాను. అలలు దాటి లోపలికి తీసుకెళ్ళి కలుపుతామని మా వాళ్ళు పట్టుబట్టారు. చిన్నాన్న పడవ సిద్ధం చేశాడు. లోపలికి వెళ్ళేవాళ్ళంతా ఎక్కారు. ఎవ్వరూ ఇంజన్ తాడు పట్టుకోలేదు. నిషేధం రోజులు. "ఇప్పుడెవర్నడగాలిరా?" అన్నాడు చిన్నాన్న, మెల్లగా. తర్వాత ఒక్కొక్కరే తెడ్లు తీసుకున్నారు.

మా పల్లెలో ఆడవాళ్ళు పడవ తొయ్యరు. నేను నీళ్ళలోకి దిగి, పడవ తోస్తున్న మగవాళ్ళ పక్కన ఒక చెయ్యి వేశాను. ఎవరూ వద్దనలేదు. పడవ కదిలింది. కొడుకు ఒళ్ళో ఎర్రగుడ్డ కట్టిన కుండ నా ముందు నుంచి జరిగిపోతుంటే, "కోపం లేదండీ" అన్నాను. అలల హోరులో నాకే సగం వినపడింది. అది నిజమో కాదో ఇప్పటికీ తెలియదు.

ఎనిమిది మంది తెడ్లు వేస్తున్నా పడవ చాలా నెమ్మదిగా వెళ్ళింది. మళ్ళీ గాలి తిరుగుతుందేమోనని ఆ తెడ్ల వంకే చూస్తూ నిలబడ్డాను. వాళ్ళు తిరిగొచ్చి చివరి మనిషి ఒడ్డెక్కేదాకా నేను ఆ నీళ్ళలోంచి బయటికి రాలేదు.