చుట్టల కార్ఖానాలో పంతులుగారి పరిశోధన

పద్దెనిమిది వందల తొంభైల నాటి మాట. రాజమండ్రిలో గోదావరి ఒడ్డున పెద్దిరాజుగారికి చుట్టల కార్ఖానా ఉండేది. లంకల్లో పండిన పొగాకు పడవల మీద వచ్చి దిగేది. నలభై మంది ఆడవాళ్ళు చాపల మీద కూర్చుని చుట్టలు చుట్టేవారు. వాళ్ళకు ఆకు పంచి పని చేయించేవాడు సత్తియ్య మేస్త్రీ. అందరి మీదా అజమాయిషీ జగన్నాథరావుది.

జగన్నాథరావు ఎఫ్.ఏ. పరీక్ష రెండుసార్లు తప్పి, కొన్నాళ్ళు బడిలో పాఠాలు చెప్పి, ఇందులో చేరాడు. అందుకని అందరూ పంతులుగారనే పిలిచేవారు. పరీక్ష తప్పినవాడికే పుస్తకం రాయాలన్న యావ ఎక్కువని తరువాతి రోజుల్లో తన మీద తనే నవ్వుకునేవాడు. యజమానికీ పనివాళ్ళకీ మధ్య ఉండవలసిన ధర్మం గురించి రాద్దామనుకున్నాడు. తెలుగులో ఇంతవరకు ఎవరూ రాయలేదని తేల్చుకున్నాడు. తేల్చుకోవడానికి ఎవరినీ అడగలేదు.

ఆరు నెలలు కుర్చీ వేయించుకుని పని చూశాడు. ఒక్కొక్కరినీ పిలిచి, "మేస్త్రీ మిమ్మల్ని న్యాయంగా చూస్తున్నాడా?" అని అడిగాడు. సత్తియ్య ఆ కుర్చీ వెనకే చేతులు కట్టుకుని నిలబడేవాడు. "దేవుడిలాంటోరండి" అని నలభై మందీ ఒకటే మాట చెప్పారు. నలభై మంది ఒకటే మాట చెబితే నిజం కాక ఏమవుతుందని జగన్నాథరావు మురిసిపోయాడు.

ఇంకోటి కూడా కనిపెట్టాడు. ఏడుగురి చేయి ఎప్పుడూ నెమ్మదే. సుబ్బాయమ్మది మరీ నెమ్మది. "చేతి నెమ్మది మనసులోని అలసత్వం, అలసత్వం ధర్మలోపం" అని రాసుకున్నాడు. ఆ వాక్యం ఎంత నచ్చిందంటే, భార్య రామలక్ష్మికి మూడుసార్లు చదివి వినిపించాడు.

"అన్నం చల్లారిపోతోందండి" అంది ఆవిడ మూడోసారి.

పెద్దిరాజుగారు మాత్రం శ్రద్ధగా విన్నారు. విని, ఆ ఏడుగురినీ పనిలోంచి తీసేశారు. మర్నాడు కార్ఖానాలో చాపలున్నాయి గానీ మనుషులు లేరు. మిగతా ముప్పై ముగ్గురూ కూడా రాలేదు.

"ధర్మం రాసింది మీరే కదండీ. వెళ్ళి పిలుచుకురండి" అన్నారు పెద్దిరాజుగారు.

జగన్నాథరావు సుబ్బాయమ్మ ఇంటికి వెళ్ళాడు. ఆమె కూర్చోమని పీట వేసి, చూరులోంచి ఎండిన పొగాకు తీసి ఒక ఆకు చేతికిచ్చింది.

"చుట్టండి పంతులుగారూ."

చుట్టబోతే ఆకు పెళపెళమని విరిగిపోయింది. సుబ్బాయమ్మ ఇంకో ఆకు మీద నీళ్ళు చిలకరించి, మెత్తబడేదాకా ఆగి, కబుర్లు చెబుతూనే చక్కగా చుట్టేసింది.

"మేస్త్రీగారింటికెళ్ళి వడ్లు దంచినోళ్ళకి తడాకండి. దంచనోళ్ళకి ఎండాకు. మేం ఏడుగురం వెళ్ళలేదండి."

"మరి నేనడిగినప్పుడు చెప్పలేదేంటమ్మా?"

"మీ వెనకాలే ఉన్నారు కదండీ ఆయన. మీకు కనపడలేదేమో గానీ మాకు కనపడ్డారండి."

ఆరు నెలల్లో తాను ఒక్క ఆకైనా ముట్టుకోలేదని జగన్నాథరావుకు అప్పుడు తట్టింది. సిగ్గుతో లేచాడు. అయినా దారి పొడుగునా అతనికి ముందు బాధ కలిగింది ఏడుగురి గురించి కాదు, కొట్టేయవలసిన ఆ మంచి వాక్యం గురించి. ఈ సంగతి కూడా తరువాత అతనే దాచకుండా చెప్పేవాడు.

పెద్దిరాజుగారి ముందు నిలబడి, "పుస్తకంలో కొంచెం తప్పు దొర్లిందండి" అన్నాడు.

"ఎక్కడండి?"

"మొదటి పేజీ నుంచీ అండి."

జరిగిందంతా చెప్పి, ఉద్యోగం పోతుందనే అనుకున్నాడు. పెద్దిరాజుగారు ఆ ఏడుగురి ఇళ్ళకూ తనే కబురు పంపారు. సత్తియ్యను తీసేశారు. ఆకు ఎవరు పంచాలని ఆడవాళ్ళనే అడిగితే, సుబ్బాయమ్మ ముందుకొచ్చింది.

"పంతులుగారికే ఇప్పించండి. ఆయన బియ్యం కొనుక్కుతింటారు, దంచడానికి వడ్లు లేవండి."

అలా పదకొండేళ్ళు జగన్నాథరావు ఆకు తడిపి అందరికీ ఒకేలా పంచాడు. పుస్తకం మళ్ళీ ముట్టుకోలేదు గానీ, అందులో రాయాలనుకున్నదంతా ఆకు పంచుతూ నోటితో చెప్పేవాడు. ఒకనాడు పెద్దిరాజుగారి ఎదుట, "ఇప్పుడు పనెలా ఉందమ్మా?" అని సుబ్బాయమ్మను అడిగాడు.

"ఆకు బానే ఉందండి. మీరు ధర్మం చెప్పడం ఆపితే ఇంకా జోరుగా సాగుద్దండి."

అందరికంటే ముందు నవ్వింది జగన్నాథరావే. ఆ వారమంతా నోరు మెదపకుండా ఆకు పంచాడు. ఎనిమిదో రోజున మళ్ళీ మొదలుపెట్టాడు.